కాఫీ ఎన్నింటికి తాగాలో ఎవరు చెప్పాలి?

వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లను కొట్టారనో, పస్తులు పెట్టారనో వార్త వస్తే అందరికీ కోపం వస్తుంది. రావాలి కూడా. అయితే ఈ అధ్యాయం మంచి ఆశ్రమాల గురించి. అక్కడ నేల అద్దంలా ఉంటుంది. వేళకు అన్నం పెడతారు, రోజూ బీపీ చూస్తారు. ఆయాలు మంచివాళ్లు, మేనేజరు దయగల మనిషి. ఇన్ని ఉన్నా, చేరిన ఆరు నెలలకల్లా ఒక పెద్దాయన కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయి, ఏం అడిగినా "మీ ఇష్టం" అనడం మొదలుపెడతారు. ఒకప్పుడు ఊళ్లో తగవులు తీర్చిన మనిషి కావచ్చు, ముప్పై ఏళ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి కావచ్చు. "బాగా సర్దుకుపోయారండీ, ఏ పేచీ లేదు" అని ఆశ్రమం వాళ్లు పిల్లలకు ఫోన్లో సంతోషంగా చెబుతారు. ఆ మాట వింటే నాకు భయం వేస్తుంది.

పెద్దవాళ్ల గౌరవాన్ని రోజూ కొంచెం కొంచెంగా తీసేసేవి రెండు. ఒకటి మన వీలు, రెండోది మన ప్రేమ. "పాపం, ఆవిడకెందుకు శ్రమ" అంటూ చీర మనమే తీస్తాం, జుట్టు మనమే దువ్వుతాం, అన్నం మనమే కలిపిపెడతాం. చివరికి ఆవిడ చేయాల్సిందీ చెప్పాల్సిందీ ఏమీ మిగలదు. ఆశ్రమంలో చేరిన మనిషి తన రోజును తాను నడుపుకోగలిగినంత వరకే అది ఇల్లు. ఆ తర్వాత ఎంత శుభ్రంగా ఉన్నా అది వార్డే. ఆశ్రమం నడిపేవాళ్లు, అందులో పనిచేసేవాళ్లు, అమ్మనో నాన్ననో చేర్పించబోతున్నవాళ్లు ఈ అధ్యాయాన్ని ఆ కొలతతో చదవండి.

ఒక మొక్క, ఒక సినిమా

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఆర్డెన్ హౌస్ అనే వృద్ధుల నివాసంలో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970లలో ఒక ప్రయోగం చేశారు. ఒక అంతస్తులో ఉన్నవాళ్లతో అక్కడి నిర్వాహకుడు ఇలా చెప్పాడు: మీ గది ఎలా సర్దుకోవాలో మీ ఇష్టం. ఏదైనా నచ్చకపోతే చెప్పండి. ఈ మొక్కల్లో కావాలంటే ఒకటి ఎంచుకోండి, నీళ్లు మీరే పోసుకోవాలి. వచ్చే వారం సినిమా గురువారం చూస్తారా, శుక్రవారం చూస్తారా? మరో అంతస్తు వాళ్లతో మాట వేరు: మీరు సుఖంగా ఉండేలా చూడటం మా బాధ్యత. ఇదిగో మీ మొక్క, నర్సులు నీళ్లు పోస్తారు. సినిమా ఏ రోజో మేం చెబుతాం.

సదుపాయాలు రెండు చోట్లా ఒకటే. 1976లో అచ్చయిన ఫలితాల ప్రకారం మొదటి అంతస్తు వాళ్లు ఎక్కువ చురుగ్గా, ఎక్కువ సంతోషంగా ఉన్నారు, పక్కవాళ్లతో ఎక్కువ కలిశారు. 18 నెలల తర్వాత మళ్లీ చూస్తే మొదటి గుంపులో చనిపోయినవాళ్లు 15 శాతం, రెండో గుంపులో 30 శాతం. పాల్గొన్నవాళ్లు వంద మంది కూడా లేరు. ఇంత చిన్న ప్రయోగాన్ని పట్టుకుని మొక్క ఆయుష్షు పోస్తుందని అనకూడదు, నేను అనను. నన్ను కదిలించేది రెండో అంతస్తు వాళ్లతో అన్న మాటలు. వాటిలో ఒక్క పరుషమైన మాట లేదు. మన మంచి ఆశ్రమాల్లో చేరిన మొదటి రోజు చెప్పేది కూడా అదే: "మీకేం బెంగ వద్దు, అన్నీ మేం చూసుకుంటాం."

పొద్దుటి నుంచి మొదలుపెట్టండి

చాలా చోట్ల ఐదు గంటలకే లైట్లు వేస్తారు. రాత్రి డ్యూటీ ఆయా వెళ్లిపోయేలోపు స్నానాలు అయిపోవాలి. పుష్యమాసపు చలిలో 80 ఏళ్ల మనిషిని ఐదున్నరకు స్నానానికి కూర్చోబెట్టడానికి అంతకుమించి కారణం ఉండదు.

మీ ఆశ్రమంలో ఉన్న నియమాలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని ఎదురుగా అది ఎవరి కోసమో రాయండి. కొన్ని ఆ మనిషి ఆరోగ్యం కోసం, కొన్ని పక్క మంచం వాళ్ల నిద్ర కోసం, మిగతావి మన డ్యూటీ వేళల కోసం. ఈ చివరి రకం ఎన్ని ఉన్నాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. వాటిని మార్చవచ్చు. ఒకేసారి కాదు, ఒక్కొక్కటిగా.

కాఫీతో మొదలుపెట్టడం సులువు. కాఫీ తాగితేగానీ మంచం దిగని వాళ్లుంటారు. ముఖం కడుక్కోనిదే మంచినీళ్లు కూడా ముట్టని వాళ్లుంటారు. స్నానం, పూజ అయ్యాకే ఏదైనా అనేవాళ్లుంటారు. ఇలాంటి అలవాట్లు నలభై మందిలో నలభై రకాలు ఉండవు, నాలుగైదే ఉంటాయి. ఐదున్నరకు ఒకసారి, ఏడున్నరకు ఒకసారి కాఫీ కలిపి పెద్ద ఫ్లాస్కుల్లో పోసి పెడితే చాలామందికి వేళ కుదురుతుంది. స్నానం కూడా అంతే. జీవితమంతా పొలం నుంచి వచ్చాక సాయంత్రం వేన్నీళ్లు పోసుకున్న మనిషిని పొద్దున్నే పోసుకోమంటే ఆయన గొడవపడరు. కానీ ఆ రోజు నుంచి ఆ స్నానం ఆయనది కాకుండా పోతుంది.

చేరిన మొదటి వారంలోనే ఈ అలవాట్లు అడిగి రాసుకోండి. నిద్ర ఎన్నింటికి, దుప్పటి ఒకటా రెండా, ఫ్యాన్ ఎంత, పేపరు ఏది, శనివారం ఉపవాసమా, నమాజుకు చోటు కావాలా, ఆదివారం చర్చికి వెళ్లాలా. ఆ కాగితం ఆయాకు కనబడే చోట ఉండాలి. షుగరు, డైపరు లాంటి సంగతులు మాత్రం దాని మీద ఉండకూడదు. అవి ఫైల్లో ఉండాల్సినవి, చూడటానికి వచ్చిన చుట్టాలు చదవాల్సినవి కావు.

తిండి దగ్గర ఒక్క మాట. కోస్తా వంటమనిషి చేతి వంట తింటూ జొన్నరొట్టె కోసం, రాగి సంగటి కోసం మొహం వాచిపోయిన పెద్దవాళ్లు ఉంటారు. అడిగితే చెప్పరు, "బాగానే ఉంది నాయనా" అంటారు. అందుకని బాగుందా అని అడగకండి. "ఈ ఆదివారం ఏం చేయమంటారు?" అని అడగండి. ట్రస్టు నియమం వల్ల మాంసం వండని ఆశ్రమమైతే ఆ సంగతి చేరకముందే ఆ మనిషికే చెప్పాలి. కొడుక్కి చెబితే సరిపోదు.

తలుపు, తువ్వాలు, జుట్టు

తలుపు తీసే ఉన్నా తట్టండి. తట్టి ఆగండి. తట్టుకుంటూ లోపలికి వచ్చేయడం అడగడం కిందికి రాదు. ఒకే హాల్లో పది మంచాలున్న చోట తలుపులుండవు కదా అంటారు. మంచానికీ మంచానికీ మధ్య కర్టెన్ కట్టడానికి పెద్ద ఖర్చు అవదు. బెడ్‌పాన్ పెట్టి కర్టెన్ లాగకుండా వెళ్లడం, హాలు అవతలి నుంచి "అయిందా మామ్మగారూ?" అని కేక వేయడం తెలియక చేసే పనులే. ఆ కేక తర్వాత రోజంతా మంచినీళ్లు తాగడం మానేసి, బెడ్‌పాన్ అవసరం రాకుండా చూసుకునే ఆడవాళ్లు ఉంటారు. నీళ్లు తగ్గితే మూత్రంలో ఇన్ఫెక్షన్లు, మలబద్ధకం, తలతిరుగుడు. సిగ్గు ఖరీదు ఒంటి మీదే పడుతుంది.

స్నానం చేయించేటప్పుడు ఒంటి మీద ఒక తువ్వాలు ఎప్పుడూ ఉండాలి. ఏ భాగం కడుగుతుంటే అక్కడి వరకే తొలగించాలి. చేయి వేసే ముందు "ఇప్పుడు వీపు రుద్దుతానండీ" అని చెప్పాలి. మొహం, మర్మాంగాలు వాళ్ల చేతులతో వాళ్లే కడుక్కోగలిగితే కడుక్కోనివ్వాలి. ఆడవాళ్లకు ఆడమనిషే స్నానం చేయించాలి. ఇద్దరు ఆయాలున్నప్పుడు ఎవరు రావాలో కూడా ఆవిడనే అడగవచ్చు.

ఇక జుట్టు. కొన్ని చోట్ల ఆడవాళ్లు చేరగానే జుట్టు పొట్టిగా కత్తిరించేస్తారు. పేలు పడతాయని, తల ఆరదని, దువ్వడానికి మనిషి లేదని చెబుతారు. డెబ్బై ఏళ్లు జడో ముడో వేసుకున్న మనిషి ఒక మధ్యాహ్నం అద్దంలో ఎవరినో చూస్తుంది. పేలకు మందులున్నాయి, సన్నపళ్ల దువ్వెన ఉంది. ఆవిడ ఒప్పుకుంటే కత్తిరించండి, చాలామంది హాయిగా ఉందనే అంటారు. ఒప్పుకోకపోతే కత్తెర లోపల పెట్టేయండి. నైటీ సంగతీ ఇంతే. ఆయాకు వీలు కాబట్టి అందరికీ నైటీలు వేస్తారు. చీరే కావాలనే ఆవిడకు ముందే కుచ్చిళ్లు కుట్టి హుక్కులు పెట్టించిన చీరలు ఉంటాయి, ఏ దర్జీ అయినా కుట్టిస్తాడు. బొట్టు పెట్టుకోవాలా వద్దా అన్నది కూడా ఆవిడ ఇష్టమే. భర్త పోయినావిడకు పెట్టకూడదని ఆయా అనుకోకూడదు, పెట్టి తీరాలని సంస్కరణ భావాలున్న మేనేజరూ అనుకోకూడదు.

ఉతికిన బట్టలు కలిసిపోయి ఒకరి జాకెట్టు ఇంకొకరికి వేయడం చిన్న విషయమని ఎవరైనా అంటే, ఒక రోజు ఆఫీసుకు పక్కింటివాళ్ల చొక్కా వేసుకుని వెళ్లమనండి. కాలరు లోపల దారంతో రెండక్షరాలు కుడితే సరిపోతుంది. కళ్లజోడు, పళ్లసెట్టు, చెవి మిషను కూడా ఎవరివి వాళ్ల పేరుతో డబ్బాల్లో ఉండాలి.

ఏమని పిలవమంటారు?

చేరిన రోజే అడగాల్సిన ప్రశ్న ఇది. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన అవ్వను కుర్ర ఆయా "ఏం అవ్వా, తిన్నవా?" అంటే ఆవిడ మొహం విప్పారుతుంది. అదే పలకరింపు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుకు ముల్లులా గుచ్చుకోవచ్చు. ఆయన్ని "మాస్టారూ" అనాలి. ఏ పిలుపైనా ఆ మనిషి ఒప్పుకున్నదై ఉండాలి. "ఏడో నంబరు బెడ్" అన్నది మాత్రం ఎవరికీ పనికిరాదు, రిజిస్టర్లో తప్ప.

చంటిపిల్లలతో మాట్లాడినట్టు గొంతు సాగదీసి "బంగారం కదూ, ఒక్క ముద్ద" అనడం ప్రేమగానే చేస్తారు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ విలియమ్స్, ఆమె సహచరులు మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దవాళ్లకు సేవ చేసే దృశ్యాలను వీడియో తీసి పరిశీలించారు. 2009లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, అలా ముద్దుచేసి మాట్లాడినప్పుడు వాళ్లు ఎక్కువగా ఎదురుతిరిగారు, మామూలుగా పెద్దవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడినప్పుడు తక్కువగా ఎదురుతిరిగారు. జ్ఞాపకం పోయినా తనను ఎవరు చిన్నచేస్తున్నారో తెలిసే తెలివి పోదన్నమాట. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ కిట్‌వుడ్ 1997లో రాసిన పుస్తకంలో ఇలాంటి ప్రవర్తనలు ఒక జాబితాగా ఇచ్చాడు. మనిషి ఎదుటే ఉండగా ఆయన గురించి ఆయన తల మీదుగా మాట్లాడుకోవడం, తొందరపెట్టడం, చేయగలిగిన పనిని లాక్కుని చేసేయడం. చేసేవాళ్లు దుర్మార్గులు కారనీ, చాలాసార్లు దయతోనే చేస్తారనీ కూడా ఆయన స్పష్టంగా చెప్పాడు. డాక్టరు వచ్చినప్పుడు గమనించండి. "రాత్రి నిద్రపట్టిందా?" అని ఆయన ఆయాను అడుగుతాడు. మీరు మెల్లగా పెద్దాయన వైపు తిరిగితే చాలు, డాక్టరు కూడా తిరుగుతాడు.

ఆలస్యం కానివ్వండి

చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆయనకు పది నిమిషాలు పడుతుంది, ఆయాకు అర నిమిషం. రోజూ ఆయాయే పెడితే కొన్ని నెలలకు ఆయన వేళ్లకు ఆ పని రాకుండా పోతుంది. తర్వాత అదే చూపించి "చూశారా, ఏమీ చేసుకోలేరు" అంటాం. పూర్తిగా వదిలేయమని కాదు. పై రెండు గుండీలు ఆయనవి, కింది మూడు మీవి. అంచు ఎత్తుగా ఉన్న కంచం, లావు పిడి చెంచా ఇస్తే చేయి వణికే మనిషి కూడా తన అన్నం తాను తింటారు. కొంత కింద పడుతుంది. తుడవచ్చు.

పని కావాలనే వాళ్లకు పని ఇవ్వండి. చిక్కుడుకాయలు ఒలవడం, పూలు కట్టడం, పేపరు పైకి చదివి వినిపించడం, స్టోరు లెక్క చూడటం. అడిగి ఇవ్వాలి, వద్దంటే వెనక్కి తీసుకోవాలి. వంటమనిషి జీతం మిగుల్చుకోవడానికి మాత్రం కాదు.

వద్దు అనే హక్కు

అన్నిటికన్నా కష్టమైనది ఇదే. షుగరున్న పెద్దాయన సంక్రాంతికి అరిసె కావాలంటారు. కాలు బాగోలేని మామ్మగారు గుడి దాకా నడిచి వెళ్తానంటారు. మనం "అమ్మో" అంటాం. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 4వ సెక్షన్‌లో ఒక గొప్ప మాట ఉంది. చికిత్స గురించి ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన ఆ మనిషికి నిర్ణయించుకునే శక్తి లేదనుకోకూడదని దాని సారాంశం. మానసిక చికిత్స విషయంలోనే ఆ గౌరవం ఇచ్చినప్పుడు, బుద్ధి నిక్షేపంలా ఉన్న మనిషికి అరిసె దగ్గర ఇవ్వకపోవడం న్యాయం కాదు. డాక్టరుతో ఆయన ఎదుటే మాట్లాడండి. ఎంత తింటే ఏమవుతుందో దాచకుండా ఆయనకు చెప్పండి. ఏం అనుకున్నారో ఫైల్లో రాయండి. ఆ తర్వాత నిర్ణయం ఆయనది.

పడిపోతారన్న భయంతో కుర్చీకి కట్టేయడం, మంచానికి రెండు వైపులా కడ్డీలు ఎత్తడం భద్రత అనిపిస్తుంది. కడ్డీ దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు. కదలకుండా కూర్చుంటే కాళ్ల బలం పోతుంది, లేచిన రోజే పడతారు. క్రమశిక్షణ కోసమో సిబ్బంది వీలు కోసమో మనిషిని కట్టి ఉంచకూడదని అమెరికా 1987లోనే వృద్ధుల నర్సింగ్ కేంద్రాలకు చట్టం చేసింది. కట్టే బదులు బాత్రూం దారిలో రాత్రి లైటు వేయండి, గోడకు కడ్డీ బిగించండి, తడి నేల మీద జారని పట్టా వేయండి, మంచం ఎత్తు తగ్గించండి.

హక్కుకు హద్దు లేదా? ఉంది, పక్కవాళ్ల దగ్గర. పదిమంది పడుకున్న హాల్లో రాత్రి చుట్ట కాల్చడం ఒకరి ఇష్టం కాలేదు. ఫలానా కులం ఆయా నన్ను ముట్టుకోకూడదు అనడం అసలు ఇష్టం కిందికే రాదు. ఆ మాటను మన్నించి డ్యూటీలు మార్చే మేనేజరు ఒక మనిషి గౌరవం కోసం ఇంకో మనిషి గౌరవాన్ని అమ్ముతున్నట్టే.

జ్ఞాపకం తప్పాక

మతిమరుపు వ్యాధి ముదిరాక ఏం అడుగుతాం అంటారు. ప్రశ్న చిన్నది చేయాలి, మానేయకూడదు. "ఏ చీర కట్టుకుంటారు?" అంటే తోచకపోవచ్చు. రెండు చీరలు ఎదురుగా పట్టుకుంటే చేయి ఒకదాని వైపు వెళ్తుంది. స్నానానికి తల తిప్పేసుకుంటే అదే ఆవిడ మాట. అరగంట ఆగి మళ్లీ రండి, చాలాసార్లు ఒప్పుకుంటారు. చూడటానికి వచ్చిన మనవలు "నేనెవరో చెప్పు చూద్దాం" అని అడగకూడదు. అది పరీక్ష, ఆవిడ తప్పక తప్పే పరీక్ష. "అమ్మమ్మా, నేను మీ సరోజ కూతుర్ని" అని చెప్పి పక్కన కూర్చోవాలి.

అన్నదానం రోజు

మన వైపు ఆశ్రమాలకు దాతలే ఆధారం. పుట్టినరోజుకో, తద్దినానికో కుటుంబంతో వచ్చి భోజనం పెడతారు. చాలా మంచి పని. కానీ పెద్దవాళ్లను వరుసగా నిలబెట్టి, దుప్పటి అందిస్తూ, ఫోన్ వైపు చూడమనడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో ఎవరు చూస్తారు? ఆయన వియ్యంకుడు చూడవచ్చు, ఒకప్పటి విద్యార్థి చూడవచ్చు. ఆశ్రమంలో ఉన్న సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పుకోనివాళ్లు ఎందరో ఉంటారు. ఫోటోకు ముందుగా ఒక్కొక్కరినీ విడిగా అడగాలి, దాతల ఎదుట కాదు. రానన్నవాళ్లకు భోజనం గదికే పంపాలి, అదే వేడితో. దాతలకు ఇంకో దారి చూపించండి. వాళ్లూ ఆ బంతిలోనే కూర్చుని, పక్కన ఉన్న పెద్దాయనతో మాట్లాడుతూ తినవచ్చు. నిజంగా మనసున్న దాత ఎవరూ కాదనరు.

చేర్పించే పిల్లలకు

"డాక్టరు దగ్గరికి వెళ్దాం రా అమ్మా" అని కారెక్కించి ఆశ్రమం దగ్గర దింపకండి. ఆ ఒక్క అబద్ధం తర్వాత మీరు ఏం చెప్పినా ఆవిడ నమ్మలేరు. రెండు మూడు చోట్లు కలిసి చూడండి. నెల రోజులు ఉండి చూసి నచ్చకపోతే వచ్చేయవచ్చని చెప్పండి, చెప్పాక నిలబడండి. ఆవిడ కుర్చీ, దేవుడి పటం, వాడుకున్న చెంబు వెంట వెళ్లాలి. ఫోన్ ఆవిడ చేతిలోనే ఉండాలి. పెన్షన్, ఏటీఎం కార్డు మీ దగ్గర ఉంటే, కనీసం నెలకు కొంత డబ్బు ఎందుకని అడగకుండా ఇవ్వండి. అరటిపళ్లు కొనుక్కోవడానికి కొడుకును అడగాల్సి రావడం ఎంత కష్టమో ఒకప్పుడు ఇల్లంతా నడిపిన మనిషికే తెలుస్తుంది. డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో ఫోన్ చేసేవాళ్లు ముందు మేనేజరుకు చేసి "ఎలా ఉన్నారు?" అని అడుగుతుంటారు. ముందు అమ్మకో నాన్నకో చేయండి, వాళ్లకు వీలైన వేళకు.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ నిరుపేద పెద్దల కోసం కనీసం జిల్లాకొకటి, 150 మందికి సరిపడే ఆశ్రమాలు పెట్టడం గురించి చెబుతుంది. వైద్యం, వినోదం మాట కూడా ఎత్తుతుంది. పెద్దవాళ్ల ఇష్టాయిష్టాల ఊసు మాత్రం ఆ సెక్షన్‌లో లేదు. 1991లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వృద్ధుల సూత్రాల్లో అది స్పష్టంగా ఉంది: ఏ ఆశ్రయంలో ఉన్నా వాళ్ల గౌరవాన్నీ, నమ్మకాలనూ, ఏకాంతాన్నీ, తమ సంరక్షణ గురించి తామే నిర్ణయించుకునే హక్కునూ మన్నించాలని. ఎక్కడైనా నిజంగా అన్యాయం జరుగుతుంటే పెద్దల సహాయ నంబరు 14567 ఉంది. ఆ నంబరు ఆఫీసు గదిలో కాకుండా, పెద్దవాళ్లు కూర్చునే హాల్లో, కళ్లజోడు లేకపోయినా కనిపించేంత పెద్దగా రాసి ఉండాలి.

ఆయాలు, సమావేశాలు

ఇవన్నీ చేయాల్సింది నెలకు కొద్ది వేలు తెచ్చుకునే ఆయా. ఒక్క మనిషికి ఇరవై మందిని అప్పగించి, అందరినీ ఇష్టం అడిగి చేయమనడం అన్యాయం. పది నిమిషాల గుండీల కోసం ఆగినందుకు ఆమెను మందలించకుండా ఉంటే అదే మంచి మొదలు. ఏ మామ్మగారికి ఏది నచ్చుతుందో మేనేజరు కన్నా ఆమెకే బాగా తెలుసు. డ్యూటీ చార్టు వేసేటప్పుడు ఆమెనూ కూర్చోబెట్టండి.

నెలకొకసారి ఆశ్రమంలో ఉన్నవాళ్లందరితో సమావేశం పెట్టండి. వాళ్లలో ఒకరే నడపాలి, మేనేజరు వెనక కూర్చోవాలి. మొదటి నెల ఎవరూ నోరు విప్పరు. అందరూ బాగుందంటారు. రెండో నెల ఎవరో ఒకరు ధైర్యం చేసి సాంబారు నీళ్లలా ఉంటోందంటారు. పెద్ద సమస్యలు వదిలేసి సాంబారు గోలేమిటని అనుకోకండి. ఆయన మిమ్మల్ని పరీక్షిస్తున్నారు. మూడో సమావేశం లోపల ఆ సాంబారు చిక్కబడాలి. అప్పుడే నాలుగో నెలలో, ఇన్నాళ్లూ మాట్లాడని ఆవిడ ఎవరో, రాత్రిపూట తన గది తలుపు లోపలి నుంచి గడియ వేసుకోవచ్చా అని అడుగుతారు.